మధ్య బొమ్మలు

వానాకాలం అప్పుడే మొదలైంది. మా కోడలు ఆఫీసు నుంచి వచ్చి, నీళ్లు కారుతున్న గొడుగు కూడా మూయకుండా గుమ్మంలోనే నిలబడి, "మావయ్యా, నాకు బొమ్మలు వెయ్యడం నేర్పుతారా?" అని అడిగింది.

మా ఆయన పేపర్లోంచి తలెత్తారు. పొద్దున్న చదివిన పేపరే మళ్లీ చదువుతున్నారు.

"అదేంటి తల్లీ, నువ్వు చేసేది బొమ్మల ఉద్యోగమేగా."

"నేను వెయ్యను మావయ్యా, కదుపుతానంతే. కంప్యూటర్లో బొమ్మ ముందే తయారుగా ఉంటుంది. దాని కాళ్లూ చేతులూ పట్టుకుని ఇక్కడ ఇలా, అక్కడ అలా అని నిలబెడతాను. మధ్యలోది అదే నింపుకుంటుంది."

"హాయిగా ఉందిగా మరి."

"ఏం హాయి. ఇవాళ మా టీమ్ లీడ్ అందరి ముందూ అనేశాడు, నీ మనుషులు నడవట్లేదమ్మా, తేలుతున్నారు అని. బరువు తెలియట్లేదట. పెన్సిల్ పట్టుకుని కాగితం మీద నేర్చుకుంటే గానీ అది రాదట. ఈ వానలు వెళ్లేలోపు ఒక మనిషి బరువైన పెట్టె ఎత్తి బల్ల మీద పెట్టడం చేసి చూపించాలి. కుదరకపోతే నన్ను చెట్లూ మబ్బులూ చేసే జట్టులో పడేస్తాడు."

"మబ్బులు తేలినా ఫర్వాలేదు కాబోలు," అన్నాను నేను వంటింట్లోంచి.

పిల్ల నవ్వింది గానీ కళ్లలో నీళ్లున్నాయి.

మా ముందుగదిలో కిటికీ పక్కన ఒక వాలుబల్ల ఉంది. నడిమధ్యలో అద్దం, అద్దం కింద దీపం. దీపం వేస్తే కింది కాగితం మీది బొమ్మ పై కాగితంలోంచి కనిపిస్తుంది. మేమిద్దరం పనిచేసిన బొమ్మల సినిమాల స్టూడియో మూతపడినప్పుడు ఆయన ఇంటికి తెచ్చుకున్నది అదొక్కటే. చేత్తో వేసిన బొమ్మలు ఎవరికీ అక్కర్లేకుండా పోయాక దాని మీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు పేరుకున్నాయి. ఆయన మీదా ఏదో పేరుకుంది. మాట తగ్గింది, తిండి తగ్గింది. ఏం వండను అంటే నీ ఇష్టం. ఎటైనా వెళ్లొద్దామా అంటే నీ ఇష్టం. ముప్పొద్దులా నాతో పోట్లాడిన మనిషి ప్రతిదానికీ నీ ఇష్టం అంటుంటే నాకు భయమేసేది.

ఆ సాయంత్రం బట్టల గుట్టనంతా ఆయనే ఎత్తి మంచం మీద పడేశారు. దీపం వేసి చూశారు, వెలిగింది. "ఏమోయ్, నా మెత్తటి పెన్సిళ్లు ఎక్కడ తగలేశావ్?" అని కేకేశారు. ఆ కేక విని ఎన్నాళ్లయిందో. కోడలి ఉద్యోగం నిలబడితే మంచిదే, కాదనను. నాకు కావలసింది మాత్రం ఒక్కటే. ఆయన ఇంక ఆ బల్ల దగ్గర నుంచి లేవకూడదు.

ఆయన పాఠం చెప్పే తీరు వేరు. ముందు పిల్ల చేత పాత పుస్తకాల పెట్టె ఎత్తించారు.

"ఎక్కడ నొప్పెట్టింది?"

"చేతుల్లో."

"అబద్ధం. మళ్లీ ఎత్తు."

మళ్లీ ఎత్తింది. "నడుంలో మావయ్యా."

"ఊఁ. ఇప్పుడు కూర్చో."

తర్వాత ఆయన వేశారు. పెట్టెను లోలోపల తిట్టుకుంటూ నిలబడ్డ మనిషి ఒక బొమ్మ. వంగి పట్టుకోవడం ఒకటి. పొట్టకు ఆనించుకుని లేవడం ఒకటి. బల్ల మీద పడేసి నడుం పట్టుకోవడం ఒకటి. మా పనిలో వీటిని మూలబొమ్మలు అనేవాళ్లం. ఒక మూలబొమ్మ నుంచి ఇంకో మూలబొమ్మకు చేరడానికి నడుమ వేసేవి మధ్య బొమ్మలు. స్టూడియోలో ఉన్నన్నాళ్లూ మూలబొమ్మలు ఆయనవి, మధ్య బొమ్మలు నావి. పెళ్లికి ముందూ అంతే, తర్వాతా అంతే. ఆయన బొమ్మ నడిస్తే నేల అదురుతుందని చెప్పుకునేవాళ్లు. సినిమా చివర్లో నా పేరొచ్చేసరికి జనం లేచి తలుపుల వైపు నడుస్తుండేవాళ్లు. దానికి నేనేం కుళ్లిపోలేదు. ఆయన పేరొచ్చినప్పుడు పక్క సీట్లోంచి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

మూలబొమ్మ పక్కన, కాగితం అంచున, ఆయన చిన్న నిచ్చెన గీసేవారు. ఒక నిలువు గీత, దాని మీద అడ్డగీతలు. ఒక్కో అడ్డగీత ఒక్కో మధ్య బొమ్మ. మెట్లు దగ్గరదగ్గరగా ఉంటే బొమ్మ మెల్లగా కదులుతుంది, ఎడంగా ఉంటే జోరుగా కదులుతుంది. మధ్య బొమ్మలు వేసేవాళ్లు ఆ నిచ్చెన ప్రకారమే వెయ్యాలి. మా పనిలో అది చట్టం.

ఇల్లు మళ్లీ ఇల్లయింది. ఆయన రోజూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టారు. మా అబ్బాయి చెప్పులు విప్పుతూనే, "అమ్మా, నాన్న ఇవాళ ఎవర్ని తిట్టారు?" అని అడిగేవాడు. "నీ పెళ్లాన్నే," అంటే, "అయితే ఒంట్లో బాగానే ఉందన్నమాట," అని లోపలికి పోయేవాడు. పిల్ల కూడా మాటలు పడీ పడీ రాటుదేలింది. "గీత గీస్తున్నావా, ముగ్గులో పిండి పోస్తున్నావా?" అని ఆయన అంటే, "పిండి మీరే ఇచ్చారుగా మావయ్యా," అని ఎదురు చెప్పేది. నేను వంటింట్లో పని లేకపోయినా గిన్నెలు సర్దుతూ ఆ మాటలు వినేదాన్ని.

పని మాత్రం ముందుకు పోలేదు. పిల్ల నిచ్చెన మీద మెట్టు ఎక్కడుందో స్కేలు పెట్టి కొలిచి మరీ వేసేది. కాగితాలన్నీ ఫోన్‌తో ఒక్కొక్కటే ఫోటో తీసి, కంప్యూటర్లో వరసగా పేర్చి ఆడించింది. మనిషి పెట్టె ఎత్తాడు. ఎత్తడమా అది, ఖాళీ అట్టపెట్టె గాలికి ఎగిరిపోకుండా పట్టుకున్నట్టుంది.

"నీ గీత తడబడింది. మళ్లీ వెయ్యి," అన్నారు ఆయన.

మళ్లీ వేసింది. మళ్లీ అట్టపెట్టే. ఇంకోసారి వేసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, నిచ్చెన వంక పరీక్షగా చూసి, "ఎన్ని సినిమాలు నడిచాయి ఈ నిచ్చెన మీద. నిచ్చెనలో తప్పుండదు తల్లీ," అన్నారు.

ఆయన మనస్ఫూర్తిగా నమ్మే అన్నారు. అది నిజం కాదని తెలిసింది నాకొక్కదానికే.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారి దగ్గర నుంచీ అందరూ అనేవాళ్లు. ఈ ఒక్కటి మాత్రం నానింది. పనిలో చేరిన కొత్తలో నేనూ నిచ్చెన ప్రకారమే వేశాను. బొమ్మ తేలిపోయింది. అప్పుడే ఆయన్ని పెద్ద ఆర్టిస్టును చేశారు, గదిలో అందరి కళ్లూ ఆయన మీదే. చెప్పడానికి నోరు రాక, మెట్లు నాకు తోచినచోటికి జరిపి మళ్లీ వేశాను. తెర మీద చూసి ఆయన, "చూశావా నా నిచ్చెన!" అని మురిసిపోయారు. మాకింకా పెళ్లి కాలేదు. ఆయన మురిసిపోతుంటే చూడడానికి నాకు బాగుండేది. తర్వాత అదే అలవాటైపోయింది. ఆయన నిచ్చెన గీసేవారు, నేను దాని వంక చూడకుండా వేసేదాన్ని. మూలబొమ్మల్లో ప్రాణం ఆయనదే, అందులో ఢోకా లేదు. ఆ ముఖం, ఆ వంగడం, ఆ విసుగు ఏడు జన్మలెత్తినా నాకు రావు. కానీ బరువుండేది మధ్యలో.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆయన పెన్సిళ్లు కొనుక్కొస్తానని గొడుగేసుకుని వెళ్లారు. పిల్ల వంటింట్లోకి వచ్చి గట్టు మీద కూర్చుంది.

"అత్తయ్యా, నేనింక మానేస్తాను. మబ్బులే చేసుకుంటాను. మావయ్య అంత ఓపిగ్గా చెబుతున్నారు, నా బుర్రకే ఎక్కట్లేదు. ఆయనకి ఎలా చెప్పాలో తెలీక మీతో అంటున్నా."

పిల్ల మానేస్తే ఆ బల్ల మీదికి మళ్లీ బట్టలొస్తాయి. నాకు ముందు తట్టింది అదే. స్టవ్ కట్టేశాను.

"ఆయన వేసిన మూలబొమ్మలు పట్టుకురా. ఆ నిచ్చెన సంగతి కాసేపు మర్చిపో."

ముందుగదిలో ఆయన కుర్చీలో కూర్చోవడానికి మనసొప్పలేదు. వంటింటి కిటికీ అద్దానికి కాగితాలు ఆనించి, బయటి వెలుతురులో నిలబడే వేశాను. ఎన్నో ఏళ్లయింది పెన్సిల్ పట్టి. చెయ్యి మర్చిపోలేదు.

"ఇటు చూడు. పెట్టె లేవకముందే మనిషి లేవాలి. ముందు మోకాళ్లు ఒప్పుకోవాలి, తర్వాత నడుం, ఆఖర్న భుజాలు. పెట్టె మాత్రం రానుపొమ్మని మొండికేస్తుంది. అందుకని ఇక్కడ బొమ్మలన్నీ ఇరుగ్గా పెట్టు, జరిగీ జరగనట్టు. ఒకచోట మనిషి ఓడిపోయి కొంచెం కిందికి కూడా దిగాలి. ఆ తర్వాత పెట్టె ఒక్క ఉదుటున లేచిపోతుంది."

"కంప్యూటర్ అన్నీ సమానంగా పంచేస్తుంది అత్తయ్యా. నేను అదే చాలనుకున్నాను." కాగితం అంచు వంక చూసి, "మరి మావయ్య నిచ్చెన?" అంది.

"అది ఆయన చేతికి సరిపోతుంది. మనకిది."

"ఇంత తెలిసి ఇన్నాళ్లూ పక్కగదిలో గిన్నెలు సర్దుకుంటూ కూర్చున్నారా?"

"పెరటిచెట్టు మందుకు పనికొస్తుందా?" అని నవ్వేశాను. "మావయ్యతో మాత్రం అనకు. ఆయన చెప్పినట్టే వేశానను."

"అననులెండి."

కష్టమైన చోట బొమ్మలు నేను వేసినవే ఉంచుకుంది, మిగతావి తను వేసింది. మాట కూడా నిలబెట్టుకుంది. ఒక్క ముక్క అనలేదు.

కానీ వాళ్ల ఆఫీసులో ఏ పని చూపించినా పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపిస్తారట. ఎంత మెరుగైందో తెలియాలి కదా. ఆ అలవాటు చొప్పున అలాగే పెట్టింది. సాయంత్రం అందర్నీ ముందుగదిలోకి పిలిచి, "మావయ్యా, కుదిరింది చూడండి," అంది. ఎడంపక్క ఆయన మూలబొమ్మలు, ఆయన నిచ్చెన ప్రకారం. కుడిపక్క అవే మూలబొమ్మలు, నావంతు మధ్య బొమ్మలతో. అది ఏం పెట్టిందో తెర వెలిగాక గానీ నాకు తెలియలేదు.

ఎడంపక్క మనిషి అట్టపెట్టె ఎత్తాడు. కుడిపక్క మనిషి, అదే ముఖం, అదే వంగడం, పెట్టెతో పెనుగులాడి, ఓడిపోబోయి, ఎత్తాడు. మా అబ్బాయి "అబ్బ" అని తన నడుం పట్టుకున్నాడు.

ఒక్క సంగతి దాచను. ఆ కాసేపు నాకు గర్వంగా అనిపించింది. ఆ "అబ్బ" కోసం నేను జీవితమంతా ఎదురుచూశానని అప్పుడే తెలిసింది.

"తెర మీద మళ్లీ వెయ్యి," అన్నారు ఆయన. వేసింది. "ఒక్కో బొమ్మా ఆపి వెయ్యి." వేసింది. మా పనిలో గీత చూస్తే చెయ్యి ఎవరిదో తెలిసిపోతుంది, చేతిరాత లాగే. ఆయన తన కాగితం ఒకటి తీసుకుని అంచున నిచ్చెన మీద వేలు పెట్టారు. తెర చూశారు, వేలు చూసుకున్నారు, ఇంకో మెట్టు మీదికి జరిపి మళ్లీ తెర చూశారు. చివరికి నా వైపు తిరిగారు.

"ఎప్పుడూ ఇలాగే వేసేదానివా?"

"ఎప్పుడూ ఏం కాదు," అన్నాను. "అప్పుడప్పుడూ."

"బాగుందోయ్. చాలా బాగుంది," అన్నారు. పెరటి తలుపు కింది నుంచి వాననీళ్లు లోపలికొస్తున్నాయేమో చూసొస్తానని లేచి వెళ్లారు. ఆ పూట వాన లేదు.

మర్నాడు నేను లేచేసరికి బల్ల అద్దం శుభ్రంగా తుడిచి ఉంది. కుర్చీ ఎత్తు తగ్గించి ఉంది, నా కాళ్లు నేలకు ఆనేంత.

"ఇకనుంచి మీ అత్తయ్య చెబుతుంది తల్లీ. ఇది తన విద్య," అన్నారు కోడలితో.

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల ఆఫీసుకు వెళ్లేదాకా ఆగి ఆయన మీద పడ్డాను.

"కోపమొస్తే అరవండి. ఇన్నేళ్లూ ఎందుకు దాచావని దులిపెయ్యండి. అంతేగానీ ఈ కుర్చీలు దించడమేంటి?"

"కోపమెందుకోయ్? నాకొచ్చనుకున్నది నీకొచ్చని తెలిసింది. ఇంట్లోనే ఉందిగా, ఎక్కడికీ పోలేదు."

"మరి మూలబొమ్మలు ఎవరేస్తారు?"

"పిల్ల కంప్యూటర్లో నిలబెట్టుకుంటోందిగా. కదలని బొమ్మ గోడకు తగిలించుకోవడానికి పనికొస్తుంది. నడిపించింది నువ్వు."

ఆయన అబద్ధమాడలేదు. ఎత్తిపొడుపు కూడా కాదు. కోపమైతే నేను పట్టుకునేదాన్ని, ఆయన కోపాన్ని దించే కిటుకులు నా దగ్గర బోలెడున్నాయి. లేని కోపాన్ని ఎలా దించను? ఆయన మళ్లీ పేపర్ పట్టుకుని కూర్చున్నారు. ఏం వండను అంటే, నీ ఇష్టం అన్నారు.

వానలు తగ్గుముఖం పట్టేలోపే పిల్ల నెగ్గింది. పెట్టె ఎత్తే మనిషిని వాళ్ల లీడ్ ఆఫీసంతా పిలిచి చూపించాడట. దీని వెనక ఎవరున్నారని అడిగితే అది నా పేరు చెప్పింది. వారానికో పూట వచ్చి మా వాళ్లకు పాఠం చెబుతారా అని కబురు పెట్టాడు. నేను రానన్నాను. ఆయనే పంపించారు. బస్సు దాకా నా సంచి మోసుకొచ్చారు, గొడుగు సగానికి పైగా నా మీదే పట్టారు. ఎదురొచ్చిన పక్కింటాయనతో, "మా ఆవిడ. పాఠాలు చెప్పడానికి వెళుతోంది," అన్నారు. అదివరకెప్పుడూ ఆయన నా గురించి ఎవరితోనూ అలా అనలేదు. నేను సంతోషపడాల్సింది. బస్సులో కూర్చుని ఏడ్చాను.

ఆ రోజు వంటింట్లో నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేది? పిల్ల మబ్బులు చేసుకునేది, ఇంకోచోట ఉద్యోగం వెతుక్కునేది. దాని వయసుకు దారులు లేకపోలేదు. ఆయనకు ఆ బల్ల తప్ప వేరే దారి లేదు. ఆయన్ని అక్కడ కూర్చోబెట్టాలనే నేను పెన్సిల్ పట్టాను, ఆ పెన్సిలే ఆయన్ని లేపేసింది. చేతులు కాలాక ఇలా ఎన్ని ఆకులు పట్టుకుంటే ఏం లాభం.

ఆ ఆఫీసులో పిల్లలు మంచివాళ్లే. అందరి ముందూ తెరలు, తెరల మీద తేలుతున్న మనుషులు. నేను వెనక నిలబడి, ఇక్కడ ఇరుగ్గా పెట్టు, అక్కడ వదిలెయ్ అని చెబుతుంటే ఆ మనుషులు ఒక్కొక్కరే నేల మీదికి దిగుతుండేవాళ్లు. అంతవరకూ నా నోటికి ఎదురులేదు. అలా కొన్ని పాఠాలయ్యాక ఒకమ్మాయి, "మేడమ్, ఒక్కసారి మీరే మొదట్నుంచీ ఒక బొమ్మ వేసి చూపించరా? ఖాళీ కాగితం మీద," అంది.

"దానికేం భాగ్యం," అని కూర్చున్నాను.

తెల్ల కాగితం. ఎడమచేతి కింద ఆయన బొమ్మ ఒకటి, కుడిచేతి కింద ఆయన బొమ్మ ఒకటి, ఆ రెంటి నడుమే నేనెప్పుడూ కాగితం పెట్టుకున్నది. ఇప్పుడు అటూ లేదు, ఇటూ లేదు. పెట్టె ఎత్తే మనిషినే వేద్దామనుకున్నాను. వాడెవడు? లావుపాటివాడా, పీలమనిషా? ఇష్టంగా ఎత్తుతున్నాడా, చచ్చినట్టు ఎత్తుతున్నాడా? నాకేం తెలుసు. అవన్నీ ఆయనే తేల్చి నా ముందు పెట్టేవారు. గీశాను. చెరిపాను. మళ్లీ గీశాను. చివరికి వచ్చింది కాళ్లూ చేతులూ ఉన్న గోనెసంచి. పిల్లలు మర్యాదస్తులు, ఎవరూ నవ్వలేదు. "ముందు మీరు వెయ్యండమ్మా, తర్వాత నేను దిద్దుతాను," అని నేనే నవ్వేసి లేచాను. అక్కడి నుంచి ఇంటికి చేరేదాకా ఎప్పుడెప్పుడు ఆయనకు చెబుతానా అని నాకు ఆత్రంగా ఉంది. ఇంత మంచి కబురు నా జన్మలో తీసుకెళ్లలేదు అనిపించింది.

ఆయన ముందుగదిలో కిటికీ గడియ బిగిస్తున్నారు. సంచి కూడా దించకుండా చెప్పాను.

"ఏవండీ, ఇవాళ నాకు బొమ్మ రాలేదు. ఒట్టు. ఖాళీ కాగితం పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా ఒక్క మనిషి రాలేదు. మీ బొమ్మ లేకపోతే నాకు నడిపించడానికి ఎవరున్నారండీ? వచ్చే పాఠానికి నాలుగు మూలబొమ్మలు వేసి పెట్టండి. మీకు పుణ్యముంటుంది."

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి మొత్తం విన్నారు. తర్వాత నవ్వారు. చిన్నపిల్లను సముదాయించినట్టు నా భుజం తట్టారు.

"నా కోసం ఎందుకోయ్ ఈ కథలు? నాకేం బాధ లేదని చెప్పానుగా."

"కథ కాదండీ. కావాలంటే పిల్లనడగండి. అక్కడే ఉంది, చూసింది."

"పిల్లకి కూడా చెప్పి పెట్టావన్నమాట." ఆయన నవ్వు ఇంకా పెద్దదైంది. అందులో ఎంత ప్రేముందో నాకు కనిపిస్తూనే ఉంది. "ఎదుటివాడు నొచ్చుకోకూడదని నువ్వు ఎంతకైనా తెగిస్తావ్. నాకు తెలీదా?"

ఎన్నేళ్లో నేను దాచిపెడితే నమ్మిన మనిషి, ఉన్నదున్నట్టు చెబితే నమ్మలేదు. అబ్బాయి మీద ఒట్టు పెట్టాను. నమ్మలేదు. సంచిలోంచి తెల్ల కాగితాల కట్ట తీసి ఆయన ముందు పెట్టాను, పెన్సిల్ తీసి దాని మీద పెట్టాను, ఎదురుగా కూర్చున్నాను.

ఆయన వాటి వంక చూశారు. కిటికీలోంచి జల్లు కొడుతోంది. కాగితాలను అంచులు సమంగా సర్ది, తడి తగలకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మళ్లీ నా సంచిలో పెట్టేశారు.